సీసపు అక్షరం నుంచి తెరమీది పుటకు: తెలుగు దినపత్రికల్లో ఉపసంపాదన విద్య

వ్యాససంగ్రహం

తెలుగు పత్రికల చరిత్ర ప్రధానంగా సంపాదకుల చరిత్రగా, ఉద్యమాల చరిత్రగా నిర్మితమైంది. వార్తను దిద్ది, శీర్షిక పెట్టి, పుటలో కూర్చే ఉపసంపాదకుడు ఆ పనిని ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నాడన్న ప్రశ్న అందులో వెనుకబడింది. చేతికూర్పు కాలం నుంచి కంప్యూటర్ కూర్పు వరకు ఈ విద్య ఒక తరం నుంచి మరో తరానికి అందిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు ఉపసంపాదకుడికి కంపోజింగ్ గదే అసలైన పాఠశాల అనీ, ఆ గది మూతపడినప్పుడు అక్కడి జ్ఞానంలో అధికభాగం పాఠ్యప్రణాళికల్లోకి చేరలేదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉపసంపాదకుడు, శీర్షిక, పుటవిన్యాసం, కంపోజింగ్, ప్రూఫ్ రీడింగ్, పత్రికాభాష.

1. ఉపోద్ఘాతం

తెలుగు పత్రికారంగ చరిత్రను చదివే విద్యార్థికి కొన్ని పేర్లు వెంటనే పరిచయమవుతాయి. కృష్ణాపత్రిక అనగానే ముట్నూరి కృష్ణారావు, ఆంధ్రపత్రిక అనగానే కాశీనాథుని నాగేశ్వరరావు, గోలకొండ పత్రిక అనగానే సురవరం ప్రతాపరెడ్డి, ఆంధ్రప్రభ అనగానే నార్ల వెంకటేశ్వరరావు గుర్తుకు వస్తారు. విశ్వవిద్యాలయాల్లో వచ్చిన పరిశోధనల్లోనూ సంపాదకీయాల పరిశీలన, జాతీయోద్యమంలో పత్రికల పాత్ర, పత్రికల సాహిత్యసేవ వంటి అంశాలదే పైచేయి. ఇది సహజమే. సంపాదకీయానికి రచయిత ఉన్నాడు, అభిప్రాయం ఉంది, ఉదాహరించడానికి వాక్యాలున్నాయి.

అయితే దినపత్రికలో సంపాదకీయం ఆక్రమించే చోటు రెండు కాలమ్‌లకు మించదు. మిగిలిన పుటలన్నిటినీ తయారుచేసేవాడు ఉపసంపాదకుడు. వచ్చిన వార్తల్లో ఏది ఉంచాలో, ఏది వదలాలో, ఏది పైన పెట్టాలో, ఏది ఒక్క కాలమ్‌లో ముగించాలో అతని బల్లమీదే తేలుతుంది. అతని పనికి సంతకం ఉండదు. పని బాగా జరిగిన రోజున పాఠకుడికి అతని ఉనికే తెలియదు. తప్పు జరిగిన రోజున మాత్రం తెలుస్తుంది. అచ్చుతప్పులకు తెలుగువారు ‘ముద్రారాక్షసాలు’ అని పేరు పెట్టి రాక్షసుడిమీదికి నెట్టివేయడం ఉపసంపాదకుడికీ ప్రూఫ్ రీడరుకూ దొరికిన ఒకే ఒక్క ఊరట కావచ్చు.

2. అనువాదమే తొలి పాఠం

మాసపత్రికకూ వారపత్రికకూ సంపాదకుడు, ఒకరిద్దరు సహాయకులు సరిపోవచ్చు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక వంటివి అటువంటి వ్యవస్థతోనే నడిచాయి. దినపత్రిక స్వభావం వేరు. దానికి గడియారం ఉంది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడటంతోనూ, 1938లో అదే నగరంలో ఆంధ్రప్రభ ప్రారంభం కావడంతోనూ తెలుగులో ఉపసంపాదకుడు ఒక వృత్తికారుడిగా స్థిరపడ్డాడు. రాత్రిపూట కూర్చుని, తెల్లవారేలోగా రైలుకు అందవలసిన పుటలను సిద్ధం చేసే మనుషులు అవసరమయ్యారు. వారికి ముందుగా శిక్షణ ఇచ్చే సంస్థ ఏదీ అప్పటికి లేదు. సాహిత్యాభిరుచి, ఆంగ్లపరిజ్ఞానం ఉన్న యువకులను చేర్చుకుని పనిలో పడవేయడమే పద్ధతి. శ్రీశ్రీ 1938లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడిగా చేరాడు. ముళ్లపూడి వెంకటరమణ 1950వ దశకంలో ఆంధ్రపత్రికలో పనిచేశాడు. తెలుగు సాహిత్యచరిత్రలో రచయితలుగా నిలిచినవారిలో పలువురు ఈ బల్లమీద కొంతకాలం గడిపినవారే.

ఆ బల్లమీదికి వచ్చే వార్తల్లో అధికభాగం ఆంగ్లంలో ఉండేవి. రాయిటర్స్, దాని అనుబంధమైన అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా, 1949 నుంచి దాని స్థానంలో ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, 1961 నుంచి యునైటెడ్ న్యూస్ ఆఫ్ ఇండియా పంపే వార్తలు టెలిప్రింటర్ మీద ఆంగ్లంలోనే దిగేవి. 1980వ దశకంలో ఈ రెండు సంస్థలూ హిందీలో వార్తాసేవలు ప్రారంభించాయి. యు.ఎన్.ఐ. ‘వార్త’ 1982లో, పి.టి.ఐ. ‘భాష’ 1986లో వచ్చాయి. తెలుగు బల్ల మాత్రం ఆంగ్లప్రతిని ముందు పెట్టుకునే పని కొనసాగించింది. అందువల్ల ఆంగ్లపత్రికలోని ఉపసంపాదకుడికీ తెలుగు ఉపసంపాదకుడికీ ఒకే ఉద్యోగనామం ఉన్నా పని ఒకటి కాదు. మొదటివాడు ఉన్న వాక్యాన్ని దిద్దుతాడు. రెండోవాడు లేని వాక్యాన్ని సృష్టించి, ఆపైన దిద్దుతాడు. కొత్తగా చేరినవారికి పెట్టే పరీక్ష నేటికీ ప్రధానంగా అనువాద పరీక్షే కావడానికి మూలం ఇక్కడ ఉంది.

ఈ అనువాదం పుస్తకానువాదం వంటిది కాదు. సందేహం వస్తే నిఘంటువు తిరగవేసే వ్యవధి ఉండదు. పూర్తి వార్త ఒక్కసారిగా రాదు. మొదటి పేరా వచ్చాక రెండో పేరాలో అర్థం మారవచ్చు. ఆంగ్లవాక్యంలో కర్త తరువాత క్రియ, ఆ వెనుక వివరాలు వస్తాయి. తెలుగువాక్యంలో క్రియ చివర నిలుస్తుంది. ‘ఎవరు ఏమి చేశారు’ అన్నది ఆంగ్లపాఠకుడికి నాలుగో మాటలో తెలిస్తే, అదే వాక్యాన్ని యథాతథంగా తిప్పిన తెలుగులో ఇరవయ్యో మాట దాకా ఆగవలసి వస్తుంది. పొడవైన ఆంగ్లవాక్యాన్ని రెండు మూడు చిన్న తెలుగు వాక్యాలుగా విరవడం, ‘ప్రధాని చేత ప్రారంభించబడిన ప్రాజెక్టు’ను ‘ప్రధాని ప్రారంభించిన ప్రాజెక్టు’గా మార్చడం ప్రతి కొత్త ఉపసంపాదకుడూ సీనియర్ల ఎర్రసిరా గీతల వల్ల నేర్చుకున్న పాఠాలు.

గ్రాంథికం నుంచి వ్యావహారికానికి జరిగిన మార్పును సాధారణంగా గిడుగు రామమూర్తి వాదాల వెలుగులో, పండితసభల తీర్మానాల వెలుగులో చదువుతాం. జనవాణిలో తాపీ ధర్మారావు, ఆంధ్రప్రభలో నార్ల వాడుకభాషకు ఇచ్చిన స్థానం ఆ చరిత్రలో నమోదైంది. వార్తాబల్లకు ఈ మార్పు సిద్ధాంతంగానే కాక చోటు లెక్కగా కూడా అందింది. ‘చేయుచున్నారు’లో 5 అక్షరాలుంటే ‘చేస్తున్నారు’లో 4. ఇరుకైన కాలమ్‌లో వాక్యానికి ఒక అక్షరం తగ్గడం చిన్న విషయం కాదు. అయితే కంపోజిటర్ వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. మొదటి రూపంలో ఒకే సంయుక్తాక్షరం ఉంది, రెండోదానిలో రెండున్నాయి. వ్యావహారికం పుటకు పొదుపు, కూర్పు చేతికి కొంత అదనపు పని. భాషోద్యమ చరిత్రలో ఈ రెండో లెక్కకు చోటు దొరకలేదు.

3. కంపోజింగ్ గది

ఉపసంపాదకుడి అసలు చదువు కంపోజింగ్ గదిలో మొదలయ్యేది. ఆంగ్లపత్రికల్లో లైనోటైపు యంత్రం ముందు కూర్చుని మీటలు నొక్కితే ఒక పంక్తి మొత్తం సీసపు కడ్డీగా పోతపోసుకుని వచ్చేది. ఆ యంత్రానికి ఉన్న మీటలు 90. తెలుగుకు అవి చాలవు. 36 హల్లులకు 16 స్వరాల గుణింతం వేసుకుంటేనే 576 రూపాలు అవుతాయి. వాటికి వత్తులు, సంయుక్తాలు తోడు. గుణింతపు గుర్తులను, వత్తులను విడి టైపులుగా పోతపోసి కలుపుకోవడం వల్ల ఈ సంఖ్య కొంత తగ్గినా కూర్పరి ముందు ఉండే గడులు మాత్రం వందల్లోనే. అందుచేత తెలుగులో చేతికూర్పు ఆంగ్లంకంటే చాలాకాలం ఎక్కువగా నిలిచింది.

కూర్పరి నిలబడి పనిచేసేవాడు. ఎడమచేతిలో స్టిక్కు, ఎదురుగా వాలుగా అమర్చిన కేసులు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో కళ్లతో వెదికే అవసరం లేకుండా కుడిచేయి దానంతట అది పోయేది. స్టిక్కులో అక్షరం తలకిందులుగా ఉంటుంది. ఆ తలకిందుల పంక్తిని ఎడమ నుంచి కుడికి చదవడం అతనికి మామూలు చదువు. నిండిన పంక్తులను గేలీలోకి మార్చి, సిరా పూసి, పొడవాటి కాగితంమీద గేలీప్రూఫ్ తీసేవారు. ప్రూఫ్ రీడర్ దిద్దుతుండగా కాపీ హోల్డర్ మూలప్రతిని పైకి చదివేవాడు. దిద్దిన గేలీలు నున్నని ఇంపోజింగ్ బల్లమీదికి చేరాక పుట రూపుకట్టేది. ఇనుపచట్రంలో కాలమ్‌లను పేర్చి, పంక్తుల మధ్య సీసపు పట్టీలు దూర్చి, బ్లాకులు కూర్చి, బిగించేవారు. రోటరీ ఉన్నచోట దానినుంచి అచ్చు తీసి ప్లేటు పోసేవారు. మరునాడు ఆ టైపునంతా విడదీసి ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో వేయడం మరో పని.

ఈ గదిలో ఉపసంపాదకుడు నేర్చుకున్నవి ఏమిటి? మొదటిది చేతిరాత. కూర్పరికి అర్థంకాని కాపీ ఆలస్యమవుతుంది లేదా తప్పుగా కూర్చబడుతుంది. ‘ప’, ‘వ’ల మధ్య, ‘ఘ’, ‘ఝ’ల మధ్య తేడా కనబడేలా రాయడం ఉద్యోగ ధర్మమైంది. రెండోది కొలత. అంగుళానికి 72 పాయింట్లు, 12 పాయింట్లకు ఒక పైకా ఎమ్ము, పుటకు 8 కాలమ్‌లు. రాసిన అరఠావు కాగితం ఏ టైపులో ఎన్ని అంగుళాలు వస్తుందో కాగితాన్ని చూసి చెప్పగలగడం అనుభవానికి గీటురాయి. మూడోది కోత. పుట బిగించే వేళకు వార్త మూడు పంక్తులు ఎక్కువైతే మళ్లీ రాసి కూర్చే వ్యవధి ఉండదు. చివరి పేరాను సీసంలోనే ఎత్తి పక్కన పెట్టాలి. ముఖ్యాంశం ముందు, తక్కువ ముఖ్యమైనది చివర అనే తలకిందుల పిరమిడ్ పద్ధతిని పత్రికారచన పాఠ్యపుస్తకాలు పాఠకుడి సౌకర్యంగా వివరిస్తాయి. ఇంపోజింగ్ బల్లముందు అది కోతకు వీలైన కట్టడం. చివరి పేరా తీసినా వార్త కూలకూడదు. ఆ క్రమశిక్షణ తెలియని కాపీ రాసినవాడికి దాని ఫలితాన్ని ఫోర్‌మన్ అదే రాత్రి చూపించేవాడు.

సీనియర్ కూర్పరి పెదవివిరుపే కొత్త ఉపసంపాదకుడికి తొలి సమీక్ష అనుకోవచ్చు. రోజూ అన్ని వార్తలూ చేతిమీదుగా పోయే కూర్పరికి పేర్లు, ఊళ్లు, పదవులు గుర్తుంటాయి. కాపీలో తాలూకా పేరు తప్పితే చేయి ఆగుతుంది. ప్రూఫ్ రీడర్లలో పండితశిక్షణ పొందినవారు ఉండటమూ అరుదు కాదు. సంధి తప్పినా, అర్థానుస్వారం అనవసరంగా చేరినా అంచున గీత పడేది. వార్తాసంపాదకుడు, కూర్పరి, ప్రూఫ్ రీడర్ అనే ముగ్గురు గురువుల మధ్య ఈ విద్య నడిచింది. వీరిలో మొదటివాడికే చరిత్రలో పేరు మిగిలింది. తెలుగు రచయితలు, పాత్రికేయులు రాసుకున్న ఆత్మకథలు విలువైన ఆధారాలే అయినా అవి బల్లకు ఈవలివైపు కూర్చున్నవారి జ్ఞాపకాలు.

4. శీర్షిక లెక్క

శీర్షిక రాయడాన్ని తెలుగు పాత్రికేయులు తరచుగా సృజనగా చెప్పుకుంటారు. అది మొదట చోటుకు లోబడిన పని. ఆంగ్లంలో శీర్షికకు అక్షరాల లెక్క ఉంది. సన్నని అక్షరానికి అర, వెడల్పైనదానికి ఒకటిన్నర అంటూ కూడుకుంటే పంక్తి పడుతుందో లేదో తెలుస్తుంది. తెలుగుకు ఈ లెక్క సగమే పనికివస్తుంది. తెలుగు అక్షరం పక్కకే కాక కిందికీ పెరుగుతుంది. ‘దేశం’ అన్న మాట పంక్తి మీద నిలుస్తుంది. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద రెండు వత్తులు దిగుతాయి. రెండు పంక్తుల శీర్షికలో పైపంక్తి వత్తులు కింది పంక్తి గుడులను, తలకట్లను ఢీకొంటాయి. ఆ ఘర్షణ తప్పించడానికి మధ్యలో సీసపు పట్టీ చేరిస్తే శీర్షిక ఎత్తు పెరుగుతుంది, వార్తకు చోటు తగ్గుతుంది. పట్టీ వద్దనుకుంటే మాట మార్చాలి. సంస్కృత సమాసం స్థానంలో అచ్చతెలుగు మాట శీర్షికలోకి రావడానికి పాఠకుడి మీది ప్రేమ ఎంత కారణమో, వత్తుల బెడద కూడా అంత కారణం.

తెలుగుకు పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు. వాలు అక్షరాల సంప్రదాయం బలంగా లేదు. ఆంగ్లపత్రిక ఈ రెండింటితో సాధించే భేదాన్ని తెలుగు పుట పరిమాణంతో, మందంతో, గీతలతో, బాక్సులతో సాధించవలసివచ్చింది. తెలుగు దినపత్రిక మొదటిపుట ఆంగ్లపత్రికకంటే ‘గోలగా’ ఉందని విమర్శించేవారు ఈ లిపిపరిమితిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. వారపత్రికలు బాపు వంటి చిత్రకారుల చేతిరాతతో శీర్షికలు వేసుకుని ఈ ఇబ్బందిని అందంగా దాటాయి. దినపత్రికకు రోజూ ఆ అవకాశం లేదు.

లిపి పెట్టిన ఇబ్బందికి వ్యాకరణం ఒక దారి చూపింది. ‘రేపు విజయవాడకు ప్రధాని’ అన్న శీర్షికలో క్రియ లేదు. ‘కు’ విభక్తి ఒక్కటే రాకను చెబుతుంది. ‘నేటి నుంచి అసెంబ్లీ’, ‘బడికి తాళం’ వంటివీ అటువంటివే. ‘ప్రవేశపెట్టనున్నారు’ వంటి దీర్ఘక్రియ ఒంటికాలమ్‌లో ఒక పంక్తిని మింగేస్తుంది కాబట్టి క్రియను వదిలి విభక్తి చేత ఆ పని చేయించడం తెలుగు ఉపసంపాదకుల సమష్టి ఆవిష్కరణ. దీన్ని ఏ పాఠ్యపుస్తకమూ ముందుగా చెప్పలేదు. రాత్రులు శీర్షిక పట్టక తంటాలు పడినవారు కనుగొన్నారు, పక్కబల్లవారు చూసి నేర్చుకున్నారు. తెలుగు వాక్యనిర్మాణ అధ్యయనాల్లో క్రియారహిత వాక్యాలకు ఉన్న ప్రాముఖ్యం దృష్ట్యా పత్రికా శీర్షికలు విడిగా పరిశీలించదగిన సామగ్రి.

ఈ విద్యలో నిశ్శబ్దంగా సంక్రమించిన మరొక పాఠం ఉంది. అది కొలతకు సంబంధించినది కాదు, గౌరవానికి సంబంధించినది. ఆంగ్లప్రతిలో ఒకరు మరణించారంటే అందరికీ ఒకే క్రియ. తెలుగులో ఉపసంపాదకుడు ఎంచుకోవాలి. చనిపోయాడా, మరణించారా, కన్నుమూశారా, మృతిచెందాడా? పేరున్న వ్యక్తి కన్నుమూస్తారు. గోడకూలి కూలీ చనిపోతాడు. నిందితుడైన అధికారి ‘చెప్పారు’, నిందితుడైన రిక్షాకార్మికుడు ‘చెప్పాడు’. ఏ దశాబ్దపు పత్రికలు తిరగవేసినా ఈ తేడా కనబడుతుంది. దీన్ని రాతపూర్వకంగా విధించిన శైలీపత్రం ఉండనక్కరలేదు. సీనియర్ దిద్దిన కాపీని చూసి జూనియర్ గ్రహిస్తాడు. వృత్తివిద్యలో నైపుణ్యం సంక్రమించే దారిలోనే సామాజికదృష్టి కూడా సంక్రమిస్తుంది. స్త్రీల విషయంలో ‘చెప్పింది’, ‘చెప్పారు’ల మధ్య ఎంపిక మరింత స్పష్టమైన ఉదాహరణ. ఏకవచన బహువచనాల ఈ పంపిణీని వర్గ, కుల, లింగ కోణాల నుంచి కాలక్రమంలో లెక్కగట్టే పరిశోధనకు పాత పుటలు సిద్ధంగా ఉన్నాయి.

5. చట్టం గీసిన గీత

1955 నాటి శ్రామిక పాత్రికేయుల చట్టం ‘శ్రామిక పాత్రికేయుడు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో సంపాదకుడు, వార్తాసంపాదకుడు, ఉపసంపాదకుడు, విలేకరి, వ్యంగ్యచిత్రకారుడు మొదలైనవారితోపాటు ప్రూఫ్ రీడర్‌ను కూడా చేర్చింది. అచ్చులో పడే ప్రతి అక్షరాన్ని చదివేవాడు పాత్రికేయుడే అన్న గుర్తింపు ఇందులో ఉంది. కూర్పరి ఈ నిర్వచనంలోకి రాలేదు. అదే అక్షరాలను అతడూ చదువుతాడు, పైగా తలకిందులుగా చదువుతాడు. చట్టం దృష్టిలో మాత్రం అతడు అచ్చుయంత్రపు శ్రామికుడు. వేతనాల నిర్ణయంలో ఈ గీతకు ఉన్న ప్రాధాన్యం తెలిసిందే. చరిత్రరచనలోనూ అదే గీత కొనసాగింది. గీతకు ఇవతలివాడు పత్రికాచరిత్రలో భాగమయ్యాడు, అవతలివాడు ముద్రణాచరిత్రకు మిగిలాడు. తెలుగులో ముద్రణాచరిత్ర తొలి అచ్చుపుస్తకాల వద్ద, మిషనరీల వద్ద ఎక్కువసేపు ఆగుతుంది. ఇరవయ్యో శతాబ్దపు దినపత్రిక కూర్పుగది వరకు అది రావడం తక్కువ.

6. తరగతి గది, సంస్థ బడి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లో ఏర్పడింది. అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఓడెల్ దాని తొలి సారథి. పాఠ్యక్రమం, పాఠ్యపుస్తకాలు ఆంగ్లంలో నడిచాయి. అక్కడ నేర్పిన శీర్షికలెక్క ఆంగ్ల అక్షరాలది. పట్టా పొంది తెలుగు పత్రికలో చేరినవాడు పత్రికాచట్టాలు, సంభాషణ సిద్ధాంతాలు తెలిసినవాడిగా వచ్చి, కాపీ దగ్గర మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసివచ్చేది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి తెలుగు మాధ్యమంలో జర్నలిజం బోధన మొదలుపెట్టడం, 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఏర్పడి గ్రామీణ విలేకరులకు శిక్షణ తరగతులు, తెలుగు పుస్తకాలు అందించడం ఈ లోటును కొంత పూడ్చాయి.

నిర్ణాయకమైన మార్పు పత్రికాసంస్థల లోపల జరిగింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు మహానగరాల బయట నుంచి పత్రికను అచ్చువేసి ఉదయానికే అందించే నమూనాను స్థిరపరిచింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాయి. భారతీయభాషా పత్రికల విస్తరణను అధ్యయనం చేసిన రాబిన్ జెఫ్రీ ఈ పరిణామానికి ప్రముఖస్థానం ఇచ్చాడు. ఆయన దృష్టి ప్రధానంగా పాఠకులు, ప్రకటనలు, పెట్టుబడుల మీద ఉంది. బల్ల వైపు నుంచి చూస్తే జిల్లా అనుబంధం అంటే ఒకే రాత్రి తయారుకావలసిన పుటల సంఖ్య అనేక రెట్లు కావడం. ప్రతి జిల్లాకూ ఒక బల్ల, ప్రతి బల్లకూ కొందరు ఉపసంపాదకులు అవసరమయ్యారు. మండల విలేకరి పంపే కాపీ తెలుగులోనే వస్తుంది కాబట్టి ఇక్కడ అనువాదం కంటే తిరగరాత ముఖ్యం. పదేళ్లు సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకునే పాత పద్ధతి ఈ అవసరాన్ని తీర్చలేదు. కొద్ది నెలల్లో పనికి సిద్ధమయ్యే మనుషులు కావాలి.

ఈనాడు జర్నలిజం స్కూల్ ఆ అవసరంలోంచి పుట్టింది. భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ దానికి ప్రిన్సిపాల్‌గా ఉండటం తెలుగు పత్రికాభాషా చరిత్రలో ముఖ్యఘట్టం. విశ్వవిద్యాలయ భాషాశాస్త్రం, కోశనిర్మాణ అనుభవం వార్తాబల్లకు నేరుగా చేరాయి. కర్మణిప్రయోగాన్ని తగ్గించడం, ఆంగ్లవాక్యపు నీడను వదిలించుకోవడం, అర్థంకాని పారిభాషికపదం కంటే జనం పలికే మాటను ఎంచుకోవడం ఎర్రసిరా గీతల స్థాయి నుంచి సూత్రాల స్థాయికి వచ్చాయి. ఆయన ‘ఆధునిక వ్యవహార కోశం’ ఈ కృషికి కొనసాగింపుగానే చదవవలసిన గ్రంథం. తరువాతి కాలంలో ఇతర దినపత్రికలూ సొంత శిక్షణ ఏర్పాట్లు చేసుకున్నాయి. ప్రవేశపరీక్ష, ఉపకారవేతనం, కొన్ని నెలల తరగతులు, ఆపైన జిల్లా బల్లమీద నియామకం అనే క్రమం తెలుగునాట పత్రికావృత్తిలోకి ప్రధానద్వారమైంది.

ఈ ద్వారానికి రెండు పార్శ్వాలున్నాయి. పట్టణ విద్యావంతకుటుంబాల పరిచయాలు లేని, మారుమూల డిగ్రీ కళాశాలల నుంచి వచ్చిన యువతీయువకులకు అది వృత్తిని అందుబాటులోకి తెచ్చింది. తెలుగు ఎం.ఏ. చదివినవారికి బోధన తప్ప మరో దారి లేదనుకునే రోజుల్లో ఇది చిన్న మేలు కాదు. మరోవైపు, సంస్థ నేర్పే విద్య సంస్థ శైలిలోనే ఉంటుంది. ఏకరూపత కోసం తయారైన పదజాలం జిల్లాల మాటలను సమం చేసింది. తెలంగాణ విలేకరి పంపిన కాపీలోని మాట ‘ప్రమాణ’ రూపంలోకి దిద్దబడి, అదే తెలంగాణ పాఠకుడికి తిరిగి చేరింది. కోస్తా జిల్లాల శిష్టవ్యవహారం పత్రికాభాషకు ప్రమాణమైన తీరుపై తెలంగాణ ఉద్యమకాలంలో తీవ్రమైన చర్చ జరిగింది. 2011లో నమస్తే తెలంగాణ ప్రారంభమయ్యాక ‘జరంత’, ‘పైలం’ వంటి మాటలు శీర్షికల స్థాయికి వచ్చాయి. అంతకుముందు అవి ఎక్కడ ఆగిపోయాయని అడిగితే జవాబు ఉపసంపాదకుడి బల్లవైపే చూపిస్తుంది. ఆ బల్ల తాను నేర్చుకున్నదే చేసింది.

7. కూర్పరి లేని గది

ఫొటోకంపోజింగ్, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక సీసం వెళ్లిపోయింది. కొంతకాలం పుట తయారీ కత్తెర, జిగురుల పనిగా మారింది. బ్రొమైడ్ కాగితం మీద వచ్చిన కాలమ్‌లను కత్తిరించి పెద్ద షీటు మీద అతికించే పేస్టప్ కళాకారుడు కూర్పరి స్థానంలోకి వచ్చాడు. పంక్తి ఎక్కువైతే బ్లేడుతో కోసేవాడు. ఒక్క అక్షరం తప్పైతే ఆ అక్షరం మేరకు ముక్క కోసి పైన అతికించేవాడు. ఈ మధ్యదశ ఎక్కువకాలం నిలవలేదు కాబట్టి దాని గురించి రాసినవారు తక్కువ. ఉపసంపాదకుడు పుటను మొత్తంగా, తిన్నగా, కాగితం మీద చూడగలిగిన మొదటి సందర్భం మాత్రం ఇదే. పుటవిన్యాసం అన్న మాటకు నేటి అర్థం ఇక్కడే బలపడింది.

తరువాత కంప్యూటర్ తెరమీదే పుట తయారైంది. పేజ్‌మేకర్, క్వార్క్ ఎక్స్‌ప్రెస్, ఇన్‌డిజైన్ వంటి సాఫ్ట్‌వేర్లు, అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్లు పత్రికాకార్యాలయాలకు చేరాయి. ఈ ఫాంట్లు తెలుగు అక్షరాలను ముక్కలుగా చేసి ఆంగ్ల సంకేతస్థానాల్లో కూర్చుకున్నాయి. తలకట్టు ఒక మీట, వత్తు ఒక మీట. ఒక విధంగా ఇది చేతికూర్పు తర్కమే, సీసానికి బదులు మీటలతో. ఫలితంగా ఆ కాలపు పత్రికాపాఠం ఫాంటు లేనిచోట అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా కనబడుతుంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం దొరికినా పుటల తయారీలో దాని వినియోగం ఎంతో ఆలస్యమైంది. పత్రికల పాత సంచికల్లో ఒక మాటను వెదకాలనుకునే పరిశోధకులకు ఈ ఆలస్యపు నష్టం బాగా తెలుసు.

మనుషుల విషయంలో మార్పు మరింత లోతైనది. పలు పత్రికల్లో ఉపసంపాదకుడే అక్షరాలు కొట్టుకుంటాడు, దిద్దుకుంటాడు, శీర్షిక పెడతాడు, ఫొటో కత్తిరిస్తాడు, పుట పెడతాడు. కూర్పరి, ప్రూఫ్ రీడర్, పేస్టప్ కళాకారుడు చేసిన మూడు పనులు అతని ఒక్క కుర్చీలోకి చేరాయి. పనులు చేరాయి, వాటి వెనుక ఉన్న విద్య చేరలేదు. తన కాపీని తానే దిద్దుకునేవాడికి తన తప్పు కనబడదన్నది ప్రూఫ్ రీడింగ్‌లో అనుభవం నేర్పిన మొదటి సూత్రం. ఒకరు చదువుతుండగా మరొకరు వినే పద్ధతి అందుకే పుట్టింది. శిక్షణలో సాఫ్ట్‌వేర్ వాడకానికి గంటలు కేటాయిస్తారు. వత్తులు పంక్తిని ఎందుకు ఢీకొంటాయో, ఇరుకు కాలమ్‌లో దీర్ఘపదం పక్కన ఖాళీలు ఎందుకు పెరుగుతాయో, మాటను ఎక్కడ విరిస్తే చదువు ఆగదో చెప్పే పాఠానికి చోటు తక్కువ. ‘ముఖ్యమంత్రి’ని ‘ముఖ్యమం’ దగ్గర విరిచి ‘త్రి’ని కిందికి నెట్టే పంక్తులు ఇప్పటి పత్రికల్లో అరుదు కావు. పాత కూర్పరి అటువంటిచోట ముందు మాటల మధ్య జాగాలు సర్ది మాటను నిలపడానికి ప్రయత్నించేవాడు.

ఈ చరిత్రను పూరించడానికి గ్రంథాలయాలు మాత్రమే చాలవు. మద్రాసు, విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నాల్లో చేతికూర్పు చేసినవారిలో చివరితరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. వ్యవసాయ, చేనేత వృత్తుల పదాలను ఆ పని చేసేవారి నోటినుంచి సేకరించి మాండలిక వృత్తిపదకోశాలు కూర్చిన పద్ధతి తెలుగు పరిశోధనకు కొత్త కాదు. అదే పద్ధతిలో కేసులోని గడుల అమరిక, టైపుల వాడుకపేర్లు, గేలీ దిద్దుబాటు గుర్తులు, ఫోర్‌మన్ కేకల్లోని మాటలు నమోదు కావలసి ఉన్నాయి. ఇప్పటి ఉపసంపాదకుడు పంక్తుల మధ్య దూరం పెంచడానికి తెరమీద ‘లీడింగ్’ అన్న గడిలో అంకె మారుస్తాడు. ఆ మాట కూర్పరి పంక్తుల మధ్య దూర్చిన సీసపు పట్టీ పేరు. ‘రాష్ట్రం’ కింద వత్తులు తగలకుండా ఎంత ఎడం కావాలో ఆ పట్టీని వేళ్లతో పట్టుకున్నవాడికి తెలుసు.